ప్రభుత్వ భూమిలో జియోకాష్ దాచే ముందు చెప్పాలా?

అవును, అమెరికాలో ప్రభుత్వ భూమిలో జియోకాష్ (ఇతరులు జీపీఎస్‌తో వెతికి పట్టుకునే ఆట కోసం దాచే డబ్బా) దాచేముందు ఆ భూమిని చూసుకునే సంస్థకు చెప్పాలి, చాలాచోట్ల అనుమతే తీసుకోవాలి. దాచేది ఒక్క డబ్బానే, కానీ జీపీఎస్ పట్టుకుని దాన్ని వెతికేవాళ్లు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటారు. పొదలు నలిగి, లేనిచోట కాలిబాట పడుతుంది. పక్షులు గూళ్లు పెట్టే చోటేదో, పురావస్తువులున్న చోటేదో ఆ సంస్థకే తెలుసు. పైగా టేపు చుట్టిన డబ్బా రాళ్ల మధ్య కనిపిస్తే, బాంబేమోనని ఎవరికైనా టెన్షనే. నేషనల్ పార్కుల్లో అయితే అనుమతి లేకుండా ఏ వస్తువునూ 24 గంటలకు మించి వదిలేయకూడదు, సిబ్బంది తీసేస్తారు.

ఈ డబ్బాల వివరాలు పెట్టే జియోకాషింగ్ వెబ్‌సైట్ ఆమోదిస్తే చాలని చాలామంది అనుకుంటారు. సైట్ చూసేది తన నియమాలనే. భూమి మీద అనుమతి ఇచ్చే హక్కు దానికి లేదు.