అన్నా ఒక డౌట్: నా ఫస్ట్ చిప్‌ట్యూన్‌లో రాగం ఎక్కడ తప్పింది?

ప్రశ్న: అన్నా, నేను డిగ్రీ సెకండ్ ఇయర్. సెలవుల్లో ఫామిట్రాకర్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకుని ఫస్ట్ చిప్‌ట్యూన్, అదే పాత వీడియో గేమ్ సౌండ్‌తో ఉండే ట్యూన్, చేశా. చిన్నప్పుడు సంగీతం క్లాసులో నేర్చుకున్న మోహన రాగం గుర్తుండి ఆ స్వరాలతోనే సొంతంగా అల్లుకున్నా. వాట్సాప్‌లో ఫ్రెండ్స్‌కి పంపితే ఒకడు బావుంది బ్రో అన్నాడు, ఇంకొకడు మారియో లాగుంది అన్నాడు, మా అక్కేమో ఫోన్‌లో విని బేస్ ఏదిరా అంది, నాకు హెడ్‌ఫోన్స్‌లో బానే వినిపిస్తోంది మరి. మధ్యలో రాగం తప్పినట్టు నాకే అనిపిస్తోంది గానీ ఎక్కడో దొరకట్లేదు. ఫైల్ పంపిస్తున్నా, మొహమాటం లేకుండా చెప్పన్నా.
- రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ఎంపీత్రీ కాకుండా అసలు ఫైలే పంపావ్ చూడు, అది మంచి పని. 1987లో కార్‌స్టెన్ ఒబార్స్కీ అమిగా కంప్యూటర్ కోసం అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ చేసినప్పట్నుంచీ ట్రాకర్‌లో, అంటే స్వరాల్ని వరసలుగా టైప్ చేసే సాఫ్ట్‌వేర్‌లో, ఉన్న సుఖం ఇదే, కూరతో పాటు పోపుల డబ్బా కూడా తెచ్చి ముందు పెట్టినట్టు ప్రతి వరసలో ఏం రాశావో అంతా కనిపిస్తుంది. కాబట్టి తప్పించుకోలేవు.

మారియో లాగుంది అన్నోడి మీద అలగకు. ఫామిట్రాకర్ అనుకరించేది 1983లో జపాన్‌లో వచ్చిన ఫామికామ్ అనే వీడియో గేమ్ డబ్బా సౌండ్ చిప్‌నే, దాంట్లో ట్యూన్‌కి రెండు పల్స్, బేస్‌కి ఒక ట్రయాంగిల్, డ్రమ్స్‌కి ఒక నాయిస్, రికార్డ్ చేసిన సౌండ్‌కి ఒక శాంపిల్ ఛానల్, అంతే. మేం చిన్నప్పుడు టీవీకి తగిలించి క్యాసెట్ మార్చి మార్చి ఆడిన వీడియో గేమ్ డబ్బాలు చాలామటుకు దాని నకళ్లే, ఆ సౌండ్ వింటే మారియో కాక ఇంకేం గుర్తొస్తుంది.

బేస్ విషయంలో మీ అక్క చెప్పిందీ కరెక్టే, నువ్వు చెప్పిందీ కరెక్టే. ట్రయాంగిల్‌లో సి-2 అనే స్వరం రాశావ్, కానీ అది పల్స్ సి-2 కన్నా ఒక ఆక్టేవ్ (స్థాయి) కింద, సుమారు 65 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ స్పీకర్ అంత కింద పలకదు, పైగా ట్రయాంగిల్ చాలా మెత్తటి సౌండ్, పైన పట్టుకోడానికి హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటు పైన సన్నగా పలికేవి) కూడా పెద్దగా ఉండవు. ఒక ఆక్టేవ్ పైకి జరుపు. వాల్యూమ్ కాలమ్‌లో ఎఫ్ (అంటే ఫుల్), సి, 8 అని తగ్గించుకుంటూ పోయావ్ గానీ దాని వల్ల లాభం లేదు, ఆ చిప్‌లో ట్రయాంగిల్‌కి వాల్యూమే లేదు, మోగడమో ఆగడమో, అంతే.

ఇక అసలు గొడవ, రాగం. మెలడీలో ఎక్కడా తప్పలేదు, తప్పింది కింద పెట్టిన ఆర్పీజియోల్లో. ఆర్పీజియో కోసం స్వరం పక్కన సున్నా ఎఫెక్ట్ కోడ్ పెడితే మూడు స్వరాలు సెకనుకి 60 సార్లు మారుతూ కార్డ్‌లా, అంటే ఒకేసారి మోగినట్టు, వినిపిస్తాయి కదా, సున్నా తర్వాతి రెండు అంకెలు ఆ స్వరం నుంచి ఎన్ని అరమెట్లు పైకో చెప్తాయి, నువ్వేమో ఏదో వీడియో చూసి స మీద 047, రి మీద 037, ప మీద 047 కొట్టావ్. స మీద 047 అంటే స గ ప, ఇబ్బంది లేదు. రి మీద 037 పెట్టావంటే రి మ ద, మోహనం అంటే స రి గ ప ద అయిదే కదా, అందులో మధ్యమం ఎక్కడిది? ప మీద 047 అంటే ప ని రి, నిషాదం దూరింది. పైన పాట మోహనంలో పోతుంటే కింద ఏడు స్వరాల శంకరాభరణం నడుస్తోంది, నీ చెవి పట్టుకున్నది అదే, మెచ్చుకోవాలి. కావాలని పెట్టుకుంటే వేరే సంగతి, తెలీకుండా పడితే మాత్రం గుచ్చుకుంటుంది. లెక్కేసి చూస్తే మోహనం లోపల పూర్తిగా ఇమిడే మామూలు మేజర్ (047), మైనర్ (037) కార్డులు రెండే, స మీద 047, ద మీద 037. మిగతా చోట్ల 057 వాడి చూడు, రి మీద అయితే రి ప ద, ప మీద అయితే ప స రి, రాగం దాటదు. గ మీద మాత్రం 057 వద్దు, మళ్లీ ని వచ్చేస్తుంది.

వైబ్రాటో, అంటే స్వరాన్ని వణికించడం గురించి కాస్త కటువుగానే చెప్తా. ప్రతి స్వరానికీ మొదటి వరస నుంచే 4 ఎఫెక్ట్ పెట్టేశావ్, చలిజ్వరం వచ్చినోడు పాడినట్టుంది. పొడుగు స్వరాలకే పెట్టు, అది కూడా స్వరం నిలబడ్డాక మూడు నాలుగు వరసలు ఆగి. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడానికి 3 ఎఫెక్ట్ ఉంది, దాన్ని అసలు ముట్టుకోలేదు నువ్వు, అందుకే జారాల్సిన చోట కూడా హార్మోనియం మెట్లు నొక్కినట్టు వస్తోంది. రెండు పల్స్‌లూ 50 శాతం డ్యూటీతో (ఒక్కో అలలో సౌండ్ పైన ఉండే వాటా) ఫుల్ వాల్యూమ్‌లో ఉండటం వల్ల మెయిన్ ట్యూన్ మునిగిపోతోంది, దానికి వి01 ఎఫెక్ట్ పెట్టి 25 శాతం చెయ్, రెండోదాని వాల్యూమ్ సగానికి దించు.

ఇంకెవరికైనా వినిపించేటప్పుడు ఎలా ఉంది అని అడక్కు, ఎన్నో సెకను దగ్గర బోర్ కొట్టింది అని అడుగు. నాకైతే 13వ సెకను దగ్గర, ఎందుకంటే స్పీడ్ 6, టెంపో 150లో నీ 64 వరసల ప్యాటర్న్ (పాటలో ఒక ముక్క) 6.4 సెకన్లు, మూడోది మొదలయ్యేది అక్కడే, డ్రమ్స్ మళ్లీ అవే.

ప్రశ్న: పియానో రాదు, కీబోర్డ్ కొనే స్తోమత లేదు, ట్రాకర్ నేర్చుకోవచ్చా?
- వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: భేషుగ్గా నేర్చుకోవచ్చమ్మా, కంప్యూటర్ కీబోర్డే చాలు. కింది వరసలో జెడ్ నుంచి ఎం దాకా ఏడు కీలు వరసగా నొక్కు, స రి గ మ ప ద ని, శంకరాభరణం వస్తుంది. అందులో వి, ఎం ముట్టుకోకపోతే పై తమ్ముడి మోహనం.