అయస్కాంత చికిత్సతో మైగ్రేన్ రాకుండా ఆపవచ్చా?

కొంతమందికి నొప్పి వచ్చే రోజులు తగ్గవచ్చు, అయితే అది తల వెనుక ఆనించి క్షణకాలపు అయస్కాంత పల్స్ ఇచ్చే వైద్య పరికరంతోనే. అయస్కాంత బ్రేస్‌లెట్లు, దిండ్లతో కాదు.

తేడా అంతా అయస్కాంత క్షేత్రం మారడంలో ఉంది; బ్రేస్‌లెట్లలో అది మారదు. సుమారు 0.9 టెస్లా బలమున్న ఆ పల్స్ మిల్లీసెకను కూడా ఉండదు. అంత వేగంగా మారినప్పుడే మెదడు పై పొరలో చిన్న కరెంటు పుడుతుంది. మైగ్రేన్ మొదట్లో అక్కడ అలలా పాకే అలజడిని అది అణచివేస్తుందని భావిస్తున్నారు.

ఉదాహరణకు, కళ్ల ముందు మెరుపుల్లాంటివి కనిపించే 'ఆరా' మైగ్రేన్ ఉన్నవారిపై చేసిన పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. రెండు గంటల తర్వాత నొప్పి లేనివారు అసలు పరికరంతో 39 శాతం, ఉత్తుత్తి పరికరంతో 22 శాతం. ఇది వచ్చిన నొప్పిని తగ్గించడం గురించి. నివారణకు ఆధారం ఇంకా బలహీనమే: రోజూ ఉదయం 4, సాయంత్రం 4 పల్స్‌లు ఇచ్చి చూసిన అధ్యయనంలో నొప్పి రోజులు తగ్గాయి కానీ, పోల్చడానికి ఉత్తుత్తి పరికరం వాడిన బృందమే లేదు. మైగ్రేన్‌లో నమ్మకం వల్ల కూడా ఉపశమనం బాగా కనిపిస్తుంది, అందుకే ఆ లోటు చిన్నది కాదు.

రక్తంలో ఇనుము ఉంది కాబట్టి అయస్కాంతం రక్తప్రసరణ పెంచుతుందని చాలామంది అనుకుంటారు. హిమోగ్లోబిన్‌లోని ఇనుము మేకులా అయస్కాంతానికి అతుక్కునేది కాదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం పల్స్ పరికరం జోలికి అసలు వెళ్లకూడదు.