ఆపరేషన్ ఏ దారిలో అన్నది తర్వాత.. ముందు ఆ తలనొప్పి సంగతి చూడండి

ప్రశ్న: మా అన్నయ్యకు 52 ఏళ్లు. ఆరు నెలలుగా నడిచేటప్పుడు పక్కనున్నవి సరిగా కనబడటం లేదంటున్నాడు. ఎంఆర్‌ఐ తీస్తే పిట్యూటరీ గ్రంథిలో 2.6 సెంటీమీటర్ల ట్యూమర్ ఉందన్నారు. ఒక న్యూరోసర్జన్ ముక్కులోంచి తీసేద్దామన్నారు, ఇంకొకరు తల తెరవాల్సి రావచ్చన్నారు. ఏది మంచిది? నాలుగు రోజుల కిందట ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు వచ్చాయి. నొప్పి మాత్రలు వేసుకుంటే మర్నాటికి తగ్గింది. కుడి కనురెప్ప మాత్రం కొద్దిగా వాలినట్టుంది. బీపీ ఉంది, మాత్రలు గుర్తొచ్చినప్పుడే వేసుకుంటాడు. గుండెకు మంచిదని ఎవరో చెబితే రోజూ ఆస్పిరిన్ మింగుతున్నాడు. మా నాన్నగారు మెదడులో రక్తస్రావంతోనే పోయారు. ఇప్పుడు చిన్న రంధ్రం చేసి ఆ రక్తం తీసేస్తున్నారట, నిజమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఆపరేషన్ గురించి. నాకు మాత్రం మధ్యలో రెండు వాక్యాల్లో చెప్పేసిన తలనొప్పి దగ్గరే గుండె గుభేలుమంది. మీ అన్నయ్యను ఇవాళే, న్యూరోసర్జరీ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఈ జవాబు పోర్టల్‌లో వచ్చేదాకా ఆగకుండా మీకు విడిగా కబురు చేయమని డెస్క్ వారికి చెప్పాను.

మనిషిని చూడకుండా, ఫిల్మ్ చూడకుండా ఇదే జబ్బని నేను తేల్చలేను. కానీ పిట్యూటరీలో, అంటే మెదడు అడుగున ఉండే హార్మోన్ల గ్రంథిలో, ట్యూమర్ ఉన్నవారికి హఠాత్తుగా తలనొప్పి, వాంతులు వచ్చి రెప్ప వాలిందంటే రెండు అనుమానాలు తీరాలి. మొదటిది, ట్యూమర్‌లోనే రక్తస్రావం. దీన్ని పిట్యూటరీ అపోప్లెక్సీ అంటాం. గ్రంథి ఒక్కసారిగా ఉబ్బి పైనున్న కంటి నరాలనూ, పక్కనున్న కంటిని తిప్పే నరాలనూ నొక్కుతుంది. రెండోది, మెదడు రక్తనాళం బుడగలా ఉబ్బి, దాంట్లోంచి రక్తం కారడం. అదే కంటి నరాన్ని ఆ బుడగ నొక్కినా రెప్ప వాలుతుంది. మొదటిసారి కొంచెమే కారి, నొప్పి తగ్గినట్టు అనిపించి, కొద్ది రోజుల్లో మళ్లీ పగిలే ప్రమాదం ఉంటుంది. నాలుగు రోజులైంది కాబట్టి మామూలు సీటీ స్కాన్‌లో ఏమీ కనబడకపోవచ్చు. అందుకే ఎంఆర్‌ఐ మళ్లీ తీయాలి, రక్తనాళాల యాంజియోగ్రామ్ కూడా అవసరం కావచ్చు. ఆ బుడగ సంగతి తేలకుండా ముక్కులోంచి పరికరం పెట్టడం కూడా మంచిది కాదు.

అపోప్లెక్సీలో ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు రక్తం కాదు, కార్టిసాల్ హార్మోన్ పడిపోవడం. బీపీ, సోడియం తగ్గి మనిషి నీరసించిపోతాడు. అనుమానం బలంగా ఉంటే రక్తం తీసి పంపి, రిపోర్టు కోసం ఆగకుండా ఆ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదలుపెడతారు. స్టెరాయిడ్ అనగానే కంగారు పడి వద్దనకండి. అలాగని ఇంట్లో మీరే స్టెరాయిడ్ మాత్రలు వేయకండి.

ఇక ఆస్పిరిన్. ఎవరో చెప్పారని రోజూ ఆస్పిరిన్ వేసుకోవడం ఏమిటమ్మా? ఒక్క మాత్ర ప్లేట్‌లెట్ల పని చెడగొడితే, అవి కొత్తవి పుట్టేదాకా, అంటే వారం పది రోజులు, ఆ ప్రభావం పోదు. పైన వేసుకున్న నొప్పి మాత్రలు కూడా అదే కోవకు చెందిన మందులు కావచ్చు. ట్యూమర్ ఉంది, బీపీ అదుపులో లేదు, రక్తం గడ్డకట్టనివ్వని మాత్ర రోజూ కడుపులో పడుతోంది. ఈ మూడూ కలిస్తే రక్తస్రావానికి మనమే దారి వేసినట్టు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఆ నాలుగు రోజులు. నొప్పి మాత్రతో తలనొప్పి తగ్గింది కదా అని ఊరుకున్నవారిలో చూపు పోగొట్టుకుని వచ్చినవారిని నేను చూశాను. డాక్టర్ చూసేదాకా ఇవాళ్టి ఆస్పిరిన్ ఇవ్వకండి. గుండెలో స్టెంట్ ఉంటే మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ఎమర్జెన్సీలో ఆ మాట ముందే చెప్పండి.

మీరు అడిగిన దారి విషయం. ముందు ప్రొలాక్టిన్ (పిట్యూటరీ హార్మోన్లలో ఒకటి) రక్తపరీక్ష చేయించారా? అది బాగా ఎక్కువగా ఉంటే చాలామందికి క్యాబెర్గోలిన్ మాత్రలతోనే ట్యూమర్ కుంచించుకుపోతుంది, కత్తి అవసరమే రాకపోవచ్చు. ఆపరేషన్ తప్పదంటే, ఈ సైజు పిట్యూటరీ ట్యూమర్లను ఎక్కువగా ముక్కులోంచే తీస్తారు. 1907లో ష్లోఫర్ అనే ఆస్ట్రియా సర్జన్ మొదటిసారి ముక్కు దారిన చేశారు, ఈ ఆపరేషన్‌కు ఎండోస్కోప్ (సన్నని కెమెరా గొట్టం) 1990లలో వచ్చింది. మెదడు నీరు ముక్కులోంచి కారడం ఈ దారికి పెద్ద బెడద. 2006 నుంచి ముక్కు దూలం పొరతోనే ఆ రంధ్రం మూసే పద్ధతి రావడంతో అది బాగా తగ్గింది. ట్యూమర్ మెడ నుంచి వచ్చే పెద్ద రక్తనాళాన్ని దాటి పక్కకు బాగా పాకినా, మెదడు కిందికి విస్తరించినా తల తెరవాల్సి రావచ్చు. అంటే మీకు చెప్పిన ఇద్దరూ తప్పు చెప్పి ఉండకపోవచ్చు. ఎంఆర్‌ఐ ఫిల్మ్ ముందు పెట్టుకుని “ఇది ఎటు పాకింది?” అని అడగండి.

మెదడు రక్తస్రావం ఆపరేషన్ల గురించి మీరు విన్నది నిజమే, కానీ సగమే. రక్తం పేరుకుంటే వెంటనే ఆపరేషన్ చేసినా మందులకన్నా మొత్తం మీద మేలు లేదని 2005లో స్టిచ్ పరిశోధన చెప్పింది. గొట్టం పెట్టి మందుతో కరిగించి తీసే పద్ధతిని పరీక్షించిన మిస్టీ-3 పరిశోధన కూడా 2019లో ఆశించిన ఫలితం ఇవ్వలేదు. 2024లో వచ్చిన ఎన్‌రిచ్ పరిశోధనలో 300 మందిని చూశారు. 24 గంటల్లోపు సన్నని దారిలో రక్తం తీస్తే ఆరు నెలలకు కోలుకోవడం మెరుగ్గా ఉంది. అయితే ఆ మేలు మెదడు పైపొరకు దగ్గరి రక్తస్రావాల్లోనే కనిపించింది, బీపీ వల్ల లోతున వచ్చేవాటిలో కాదు. ఏడు వేల మందికి పైగా ఉన్న ఇంటరాక్ట్-3 పరిశోధన 2023లో చూపింది మరొకటి: పై బీపీని త్వరగా 140 లోపుకు తెచ్చి, షుగర్, జ్వరం అదుపు చేస్తే కోలుకునేవారు పెరిగారు. నాన్నగారు అలా పోయిన ఇంట్లో బీపీ మాత్ర గుర్తొచ్చినప్పుడు వేసుకునేది కాదు. ఇవాళ మోతాదు మాత్రం అక్కడి డాక్టర్లే చెప్పాలి, ఎందుకంటే కార్టిసాల్ పడిపోయి ఉంటే బీపీ తగ్గి ఉండొచ్చు.

పాత ఎంఆర్‌ఐ, వేసుకున్న మాత్రల అట్టలన్నీ పట్టుకెళ్లండి. ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే “పిట్యూటరీ ట్యూమర్ ఉంది, నాలుగు రోజుల కిందట హఠాత్తుగా తలనొప్పి వచ్చింది, రెప్ప వాలింది, ఆస్పిరిన్ వేసుకుంటున్నాడు” అని చెప్పండి. దారిలో స్పృహ తగ్గినా, చూపు మసకబారినా అంబులెన్స్ పిలవండి, ఆయన్ను బండి నడపనివ్వకండి.