ప్రార్థన తర్వాత, ముందు కాటా సరిగ్గా పెట్టమనింది ఆ అక్క

కందుకూరులో బట్టల షాపులో పనిచేసే తమ్ముడు అడిగాడు, ప్రతి ఆదివారం చర్చికి పోతా ఉండా, కానుక వేస్తా ఉండా, అయినా నా పక్కన పనిచేసేవాళ్లకి నాలో ఏ తేడా కనపడటంల్యా, విశ్వాసం రోజువారీ పనుల్లో ఎట్టా చూపించాలి అని. నాకు జరిగింది చెప్తా తమ్ముడూ.

మాది అల్లూరు పక్కన పల్లె. వడ్ల వ్యాపారి దగ్గర ఆరేళ్లు కాటా వేశా. మా నెల్లూరు జిల్లాలో పుట్టి వడ్లు అంటే 850 కిలోలు, పిల్లోళ్లకి కూడా తెలుసు, కానీ కళ్లంలోకి వచ్చేసరికి తేమ అని, తాలు అని, గోతం బరువు అని చెప్పి పుట్టికి ఇంకో యాభై అరవై కిలోలు లాగేవాళ్లం. తేమ 17 శాతం దాటితే తరుగు తీయటం న్యాయమే, నేను కాదన్ను, కానీ మేము మిషను పెట్టకుండానే గింజ కొరికి చూసి ఇరవై ఉండాదమ్మా అనేసేవాళ్లం. అదే నోటితో ఆదివారం పాటలు, క్వయర్‌లో ముందు వరస నాదే.

ఒక ఏప్రిల్‌లో, కౌలుకు చేసుకునే ఒక అక్క కళ్లంలో ఉండాం. వాళ్లాయనకి కిడ్నీలు బాగలేక నెల్లూరు ఆస్పత్రికి తిప్పతా ఉండారు. నాకు నిజంగానే బాధేసి "బావ కోసం ప్రార్థన చేస్తా అక్కా" అన్నా. ఆమె చేటతో వడ్లు ఎత్తి గోతంలో పోస్తా, తల కూడా ఎత్తకుండా "ప్రార్థన తర్వాత చేద్దువులే తమ్ముడా, ముందు కాటా సరిగ్గా పెట్టు" అనింది. కోపంగా కూడా అన్లా. చేతులకి, మొహానికి వడ్ల దుమ్ము, ఆ దుమ్ములో చెమట గీతలు, ఇప్పటికీ కళ్ల ముందే ఉండాది.

ఆ రాత్రి నిద్ర పట్టలా. సండే స్కూల్ పిల్లలకి బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ ఎన్నిసార్లు చెప్పుంటానో, మేడిచెట్టు బొమ్మ కూడా గీయించేవాణ్ణి, కానీ అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తా అని ఆయన అన్న మాట దగ్గర ఒక్కసారి కూడా ఆగలా. పాత చిట్టా పుస్తకం తీసి కూర్చున్నా. అట్టా ఎక్కువ లాగిన దాంట్లో నాకొచ్చిన వాటా లెక్కేసి, బైకు అమ్మి, గుర్తున్న పదకొండు మంది ఇళ్లకి పోయి ఇచ్చా. నాలుగింతలు నావల్ల కాలా, తీసుకున్నంతే. ఒకాయన తిట్టాడు, ఇన్నాళ్లు ఏం చేస్తా ఉండావని, ఆ తిట్టు నాకు రావాల్సిందే. ఓనరు పనిలోంచి తీసేశాడు, ఆర్నెల్లు కష్టంగా గడిచింది, మా ఆవిడ ఒక్క మాట అన్లా, అది దేవుడి దయే. ఇప్పుడు సొంతంగా చిన్న కాటా పెట్టుకొని పిలిచినోళ్లకి తూకం వేస్తా ఉండా. మొన్న కోతలకి ఆ అక్కే ఫోన్ చేసి పిలిచింది, నేను తూస్తా ఉంటే అంకెలు కూడా చూడకుండా బర్రెకి గడ్డి వేసేదానికి పోయింది.

మన ఒంగోలు సంగతే చూడు. 1876-78 కరువులో అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నోళ్లకి పని చూపించి కూలి ఇచ్చాడు, కూటి కోసం మతంలోకి వస్తారేమోనని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన సభల్లో ఆ 2,222 గురించే గట్టిగా చెప్తారు, నాకైతే దానికి ముందు ఆ కాలువ గట్టు మీద ఇచ్చిన కూలి డబ్బులే పెద్దగా కనపడతాయి.

అందుకని తమ్ముడూ, కొత్తగా ఏం మంచి పని మొదలుపెట్టాలా అని ఇప్పుడే వెతకబాకు. నీ చేతి కింద ఏం జరగతా ఉండాదో చూడు. జాకెట్ గుడ్డ కొలిచేటప్పుడు గుడ్డ లాగి పట్టుకుంటా ఉండావా, డ్యామేజీ చీర మడత లోపలికి పెట్టి చూపిస్తా ఉండావా, షాపు ఊడ్చే ఆమెకి టీ గ్లాసు వేరేగా పెడతా ఉండారా, పెడతా ఉంటే రేపే నీ గ్లాసు, ఆమె గ్లాసు ఒకటే చెయ్. చీర సంగతి మాత్రం కష్టం, ఓనరు ఊరుకోడు. ఏమన్నాడో ఇక్కడ రాయి, నేను కూడా ఆ మాటలు పడ్డోణ్ణే.