వాతావరణ మోడల్‌కు కొలతలు మాటిమాటికీ ఎందుకు అందించాలి?

వాతావరణ మోడల్ అంటే రాబోయే వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్. దాని దగ్గర భౌతికశాస్త్ర సూత్రాలన్నీ ఉన్నప్పుడు, ఒకసారి లెక్క మొదలుపెట్టాక మళ్లీ మళ్లీ కొలతలు ఎందుకని అడిగారు. కోస్తాలోని ఒక వాతావరణ కేంద్రంలో పరిశీలకుడిగా పనిచేశాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

సూత్రాలతో పేచీ లేదు. చిక్కంతా లెక్క ఎక్కడ మొదలైందన్న దగ్గరే. ఈ క్షణాన బంగాళాఖాతం మీద గాలి, తేమ ఎలా ఉన్నాయో ఎవరికీ పూర్తిగా తెలియదు. మొదట్లో ఉన్న చిన్న తేడా రోజులు గడిచేకొద్దీ పెద్దదవుతుంది. అందుకే చాలా ప్రపంచ మోడళ్లను ఆరు గంటలకోసారి, కొన్నింటిని పన్నెండు గంటలకోసారి సరిదిద్దుతారు.

అలాగని పాత అంచనాను చెరిపేసి ఆ చోట కొత్త కొలతలు రాసేయరు. చాలామంది పొరబడేది ఇక్కడే. మోడల్ అంతకుముందు వేసిన అంచనా ఒకవైపు, కొలతలు ఒకవైపు పెట్టి, దేన్ని ఎంత నమ్మవచ్చో చూసి, రెంటినీ కలిపి కొత్త ఆరంభస్థితిని లెక్కిస్తారు. కొలతలు అందని చోట పాత అంచనాయే దిక్కు. నిన్నటి కొలతల సారం అందులోనే ఉంటుంది మరి.

ఈ కొలతల కోసం మేం పైకి వదిలే బెలూన్లకు రోజూ రెండు వేళలు: తెల్లవారుజామున 5.30, సాయంత్రం 5.30. గ్రీనిచ్ లెక్కన అవి 0, 12 గంటలు. ప్రపంచమంతటికీ అవే వేళలు. హైడ్రోజన్ బెలూన్‌కు కట్టిన రేడియోసాండ్ అనే చిన్న పరికరం, దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తున బెలూన్ పగిలేదాకా ఉష్ణోగ్రత, తేమ, గాలి వివరాలు పంపుతూనే ఉంటుంది.

కొలత అన్నంత మాత్రాన మోడల్ కళ్లుమూసుకుని నమ్మదు. కేంద్రంలో తేమను రెండు థర్మామీటర్ల తేడాను బట్టి లెక్కగడతాం: ఒకటి మామూలుది (పొడి బల్బు), రెండోది తడి వత్తి చుట్టినది (తడి బల్బు). తేడా ఎంత తక్కువైతే తేమ అంత ఎక్కువ. తడి బల్బు థర్మామీటరు వత్తి ఎండిపోయిందనుకోండి, అది కూడా పొడి బల్బు చూపే ఉష్ణోగ్రతనే చూపిస్తుంది. లెక్కగడితే తేమ 100 శాతం! మే నెల మధ్యాహ్నం అలాంటి విలువ వస్తే, అంచనాకు మరీ దూరంగా ఉందని తనిఖీలోనే పక్కకు పోతుంది. అదే ముసురు పట్టిన రోజయితే నిజమేననుకుని లోపలికి రానిస్తుంది.

ఉపగ్రహాలుండగా ఇంకా బెలూన్లెందుకని కూడా అడిగారు. ఇప్పుడు కొలతల్లో సింహభాగం ఉపగ్రహాలదే. 2020లో విమానాలు ఆగిపోయి వాటి నుంచి వచ్చే కొలతలు బాగా తగ్గినప్పుడు అవే ఆదుకున్నాయి. కానీ చాలా ఉపగ్రహ పరికరాలు ఉష్ణోగ్రతను నేరుగా కొలవవు. పైకి చేరే వికిరణాన్ని కొలుస్తాయి. ఆ విలువలు ఒకే వైపు కాస్త ఒరిగి ఉంటాయి, అంటే అసలు కన్నా ఎప్పుడూ కాస్త ఎక్కువగానో, తక్కువగానో ఉంటాయి. ఎంత ఒరిగాయో తేల్చుకోవడానికి ఒక ముఖ్యమైన ఆసరా ఈ బెలూన్ల కొలతలు.