కడుపు మీది, ముహూర్తం ఆయనది

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నాకు 37 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, బరువు 109 కిలోలు. నాలుగేళ్ళ నుంచి షుగర్ ఉంది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటున్నాను. హైదరాబాద్‌లో డాక్టర్ బరువు తగ్గడానికి కడుపును చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేద్దామన్నారు, నెలన్నరలో తేదీ. డైటీషియన్ ఒక కాగితం ఇచ్చింది. ఇప్పటి నుంచే చాయ్‌లో చక్కెర మానాలట, కూల్‌డ్రింకులు బందు, అన్నం తింటూ నీళ్ళు తాగొద్దు, ముద్ద ముద్దా మెత్తగా నమలాలి. ఆఖరి రెండు వారాలు ప్రోటీన్ పొడి, సూపులు, మజ్జిగ మాత్రమే. ఆ రోజు మా ఆయన లోపలికి రాలేదు, కార్లో ఫోన్ మాట్లాడుకుంటూ ఉన్నారు. ఆపరేషన్ సంగతి ఆయనకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. గర్భసంచి ఆపరేషన్ అని చెప్దామన్నారు. మాఘంలో మా మరిది పెళ్ళి. "పెద్ద కోడలివి, అప్పటికి జర మంచిగ కనపడాలె" అన్నారు. అత్తయ్యకూ షుగరే, ఆమె ఏడింటికే జొన్నరొట్టె తిని పడుకుంటుంది. ఆయన ఎరువుల దుకాణం మూసి వచ్చేసరికి పది దాటుతుంది, ఆయన తిన్నాకే నేను తింటాను. రెండు వారాలు నేను అన్నం ముట్టకపోతే అత్తయ్యకు అనుమానం రాకుండా ఏం చెప్పాలి? దీక్ష, మొక్కు అనొచ్చా? పొడి వాసన బయటికి రాకుండా ఎట్లా కలుపుకోవాలి? పెళ్ళి దావత్‌లో ఒక గ్లాసు కల్లు తాగొచ్చా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, దీక్ష అనొద్దు, మొక్కు అనొద్దు, గర్భసంచి అని అసలే అనొద్దు. అత్తయ్యకు ఏం చెప్పాలన్న ప్రశ్నకు జవాబు అయిపోయింది.

అబద్ధమాడితే కళ్ళు పోతాయని కాదు నేననేది. ఈ అబద్ధంతో మీ ప్రాణం మీదికి వస్తుంది. గర్భసంచి ఆపరేషన్ అయిందంటే మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పాలా? మీరు ఇల్లు చేరిన మర్నాడే ఏ ఆడబిడ్డో టిఫిన్ డబ్బా పట్టుకుని దిగుతుంది. మెత్తటి అన్నం, ఎల్లిపాయ కారం, పైన నెయ్యి. "రెండు ముద్దలు తిను వదినా, బలమొస్తది" అని కలిపి నోటిదాకా తెస్తుంది. వద్దంటే ముఖం ముడుచుకుంటుంది. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నాలుగింట మూడు వంతులు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే కోసి తీసేస్తారు. మిగిలిన సన్నని గొట్టానికి స్టేపుల్స్ వేసి మూస్తారు. మొదట్లో అందులో పట్టేది సుమారు 100 నుంచి 150 మిల్లీలీటర్లు. ఆ కుట్లు మానేదాకా ద్రవాలే, తర్వాత కొన్ని వారాలు మెత్తగా చేసినవే. నాలుగో రోజు అన్నం ముద్ద పడితే వాంతులు, కుట్లకు ప్రమాదం. డబ్బా తెచ్చిన మనిషి తప్పేముంది అందులో? మీరు చెప్పిన ఆపరేషన్‌కు ఆమె సరైన పత్యమే తెచ్చింది.

ఇక దీక్ష సంగతి. మీరు వేసుకునే మాత్రలోని గ్లిమిపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా షుగర్‌ను దించుతుంది. రెండు వారాలు అన్నం లేకుండా అదే మోతాదు మింగితే చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగి పడిపోవచ్చు. ఉపవాసం నీరసమని ఇంట్లోవాళ్ళు ఫ్యాను కింద పడుకోబెడతారు. అదే అసలు విషయం తెలిస్తే మీ పెద్దపిల్ల గ్లూకోజ్ డబ్బా పట్టుకుని పరిగెత్తుకొస్తుంది. ద్రవాహారం మొదలుపెట్టకముందే షుగర్ మందు ఎంత తగ్గించాలో, ఏది ఆపాలో డాక్టర్‌ను అడగండి. మీరు రాసిన వివరాల్లో ఆ మాట లేదు. రేపే ఫోన్ చేయండి.

పోనీ, ఆ రెండు వారాలూ ఎట్లాగో గట్టెక్కారనుకుందాం. ఆర్నెల్ల తర్వాత కూడా మీ కంచంలో ఉండేవి నాలుగు ముద్దలే. విటమిన్, ఐరన్, కాల్షియం మాత్రలు జీవితాంతం మింగాలి. ఆ దీక్ష ఎప్పుడు విరమిస్తారని చెప్తారు అత్తయ్యకు?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో అత్తయ్య పేరు మీద భయం ఉంది గానీ, ఆమె మిమ్మల్ని ఒక్క మాట అన్నట్టు ఎక్కడా లేదు. ఆయన మీద మీరు ఒక్క ఫిర్యాదూ చేయలేదు, కానీ ప్రతి నిర్ణయం దగ్గరా ఆయనే ఉన్నారు. ఎవరికి చెప్పాలో ఆయన నిర్ణయించారు. ఏ అబద్ధం చెప్పాలో ఆయనే. ఎప్పటికి సన్నబడాలో ఆయనే. మీరు రాత్రి ఎన్నింటికి తినాలో కూడా ఆయన దుకాణం షట్టరే నిర్ణయిస్తోంది. ఆయన లేనిది ఒక్క డైటీషియన్ గదిలోనే. సరిగ్గా ఆయన ఉండాల్సిన చోటు అదే.

ఆయన ఏమనుకుంటారో నాకు తెలుసు. "ఇన్ని లక్షలు నేనే కడుతున్న, ఇంకేం గావాలె?" ఈ మాట నేను చాలామంది మగవాళ్ళ నోట విన్నాను. డబ్బు కడితే ఆస్పత్రి లెక్క తీరుతుంది. రోజూ ఇంట్లో ఏం వండుతారు, ఎప్పుడు తింటారు, ఆదివారం ఏ పార్శిల్ వస్తుంది అన్న లెక్క అట్లాగే ఉండిపోతుంది. ఈ ఆపరేషన్ నిలబడేది ఆ రెండో లెక్క మీదే.

మీ రోజు ఎట్లా గడుస్తుందో మీరు రాయలేదు, నేను ఊహించగలను. పొద్దున్నే చాయ్. పిల్లల డబ్బాలు సర్దాక గిన్నెలో మిగిలిన ఉప్మా. మధ్యాహ్నం అందరూ తిన్నాక అడుగున ఉన్న కూర. నాలుగింటికి చాయ్, దాంతో ఉస్మానియా బిస్కెట్లు. ఏడింటికి చిన్నోడు వదిలేసిన నాలుగు ముద్దలు, పారేయబుద్ధి కాక. పదిన్నరకు ఆయన చేయి కడుక్కుని లేచాక గ్యాస్ గట్టు పక్కన నిలబడి, గిన్నెల్లోంచే కలుపుకుని, రేపటి పప్పు నానబోస్తూ ఐదు నిమిషాల్లో ముగించే అన్నం. అయిందా? ఈ లెక్కలో ఒక్క పూట కూడా మీ కంచంలో మీకోసం వడ్డించుకున్న తిండి లేదు. మెత్తగా నమలండి, ఒక పూటకు ఇరవై ముప్పై నిమిషాలు తీసుకోండి అని డైటీషియన్ ఊరికే రాయలేదు. ఆ అలవాటు ఇప్పుడు రాకపోతే ఆపరేషన్ తర్వాత ప్రతి ముద్దా గొంతు దగ్గర ఆగి ఏడిపిస్తుంది. కానీ నిలబడి తినే మనిషికి ఇరవై నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి?

మొగుడు తిన్నాకే తినాలన్నది గౌరవమని మా తరానికి నేర్పారు. నాకది ఏనాడూ నచ్చలేదు, ఇప్పుడు దాచాల్సిన అవసరమూ లేదు. షుగర్ ఉన్న మనిషి రాత్రి పదిన్నరదాకా ఖాళీ కడుపుతో, బిస్కెట్లతో నెట్టుకొచ్చి, ఒక్కసారే అంత అన్నం తిని పడుకుంటే అందులో ఆయనకు దక్కే గౌరవమేమిటి? హాట్‌బాక్స్‌లో పెట్టి ఉంచండి. ఎరువుల బస్తాల లెక్క చూసుకోగలిగిన మనిషి ఒక గంటె అన్నం పెట్టుకోలేడా?

మీరు మరి ఎవరితో తినాలి? అత్తయ్యతో. మీ ఇంట్లో డైటీషియన్ కాగితానికి దగ్గరగా బతుకుతున్నది ఆవిడొక్కరే. ఏడింటికి జొన్నరొట్టె, కూర, పడక. మీరు దాక్కుంటున్నదేమో ఆవిడ నుంచే! సాగర్ ఎడమ కాలువ నీళ్ళు రాకముందు మన వైపు చాలా ఇళ్ళల్లో రోజువారీ తిండి జొన్నలే, తెల్లన్నం పండక్కి. కాలువ వచ్చింది, వరి వచ్చింది, మీ ఊరు రైస్ మిల్లుల ఊరైంది, మూడు పూటలా అన్నమే తిండైంది. ఆవిడ వయసు వాళ్ళకు ఆ పాత తిండి తెలుసు. రేపటి నుంచే ఏడింటికి ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చోండి. అర రొట్టె, ఎక్కువ కూర, ఒక గుడ్డు. మంచినీళ్ళ చెంబు దూరంగా పెట్టండి, తినడానికి అరగంట ముందు, తిన్న అరగంట తర్వాత గుటక గుటకగా తాగండి. అట్లా నాలుగు రోజులు తిన్నాక, ఐదో రోజు చెప్పండి: "అత్తమ్మా, నా షుగర్‌కు, బరువుకు కడుపు ఆపరేషన్ చేస్తమన్నరు. రెండు వారాలు అన్నం బందు. జర చూసుకోవాలె నువ్వు." నా అంచనా తప్పకపోతే, ఆడబిడ్డ డబ్బాను గుమ్మం దగ్గరే ఆపేది ఆవిడే.

అయినా ఆయన ఎందుకు దాచమన్నారో ఆలోచించారా? మీ అత్తయ్య ఏదో అంటుందనా? నాకు అట్లా అనిపించడం లేదు. భార్యకు లావు తగ్గే ఆపరేషన్ చేయించాడని నలుగురూ అంటారని ఆయనకే సిగ్గు. ఆ సిగ్గును మీ చేత మోయిస్తున్నారు. మీరూ ఆ బరువును మీదే అనుకుని మోస్తున్నారు.

సిగ్గుపడే పని కాదిది. మీ ఎత్తుకు, మీ బరువుకు బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క, 45 దాటింది. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఇచ్చిన సూచనల ప్రకారం 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా ఆపరేషన్ సలహా ఇవ్వొచ్చు. మన ఆసియా వాళ్ళకైతే ఇంకా తక్కువ నుంచే ఆలోచించమన్నారు. మీకు షుగర్ కూడా ఉంది. కాబట్టి డాక్టర్ చెప్పింది సబబే, నేను ఆపమనడం లేదు. ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ కాగితం కూడా తీసి చూడండి. బీఎంఐ 40 దాటినవాళ్ళకు కొన్ని షరతుల మీద ఈ ఆపరేషన్ ఖర్చు ఇచ్చే పాలసీలు ఉన్నాయి.

నాకు నచ్చనిది ఆ మాఘం ముహూర్తం. ఆపరేషన్ అయ్యాక బరువు ఏడాది, ఏడాదిన్నర పాటు తగ్గుతూ వస్తుంది. పెళ్ళికి మీరు ఇంకా కొత్త కడుపుతో సర్దుకుంటూ ఉంటారు. చాలామందికి మూడో నెల ప్రాంతంలో జుట్టు కూడా రాలుతుంది, మళ్ళీ వస్తుంది గానీ ఆల్బమ్‌లో రాదు. ఇంట్లో పెద్ద కోడలు మీరు. పసుపు దంచడం నుంచి అప్పగింతల దాకా నిలబడేది మీరే. అంత పనిలో గంట గంటకూ గుటకలు వేస్తూ రోజుకు లీటరున్నర నీళ్ళు, 60 గ్రాముల ప్రోటీన్ ఎవరు గుర్తుపెట్టుకుంటారు? పెళ్ళయ్యాక ఆపరేషన్ పెట్టుకుంటే ఏం మునిగిపోతుంది? వాయిదా వేయొచ్చా అని డాక్టర్‌ను అడగండి, ఆయన్ని కాదు. ఆ వ్యవధిలో ఏడింటి భోజనం, చక్కెర లేని చాయ్ అలవాటైపోతాయి.

కల్లు గురించి కూడా అడిగారు కదా, వద్దు. నురగ, గ్యాసు, మత్తు మూడూ ఉన్నాయి అందులో. స్లీవ్ తర్వాత మత్తు త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది. మన పక్క ఆడవాళ్ళు పండక్కి ఒక గ్లాసు తాగడం నాకు తప్పుగా ఏనాడూ అనిపించలేదు, ఇది కడుపు కోసం చెప్తున్నాను.

ఆఖరి రెండు వారాల ద్రవాహారం ఎందుకో మీకెవరూ చెప్పినట్టు లేదు. లివర్ ఎడమ భాగం జీర్ణాశయం మీద కప్పుకుని ఉంటుంది. బరువు, షుగర్ ఉన్నవాళ్ళకు అందులో కొవ్వు చేరి పెద్దదవుతుంది. అన్నం, చక్కెర ఆపితే అది దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ, నీరు ఖర్చై చిన్నదవుతుంది. సర్జన్ దాన్ని పైకెత్తి చిన్న రంధ్రాల్లోంచి పని చేసుకోగలుగుతాడు. అందుకే ఆ రోజుల్లో అర్ధరాత్రి ఫ్రిజ్ తెరిచి రెండు ముద్దలు తింటే మోసపోయేది డైటీషియన్ కాదు.

డైటీషియన్ దగ్గరికి ఈసారి వెళ్ళేటప్పుడు కారు దిగకముందే ఆయనతో చెప్పండి: "లోపలికి మీరు కూడా రండి. రాకపోతే నేనూ పోను." గొడవ చేయకుండా, మామూలు గొంతుతో. ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని, ఆ కాగితం ఆయనే చదవాలి. రెండు సార్లు అడిగినా రాకపోతే, ఆపరేషన్ తర్వాత మిమ్మల్ని ఎవరు చూసుకుంటారన్నది మీరు మళ్ళీ లెక్క వేసుకోవాలి. మీ అమ్మగారింట్లో ఎవరైనా పదిహేను రోజులు వచ్చి ఉండగలరేమో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

పొడి విషయానికొస్తే, వేడి పాలల్లో పోస్తే ఉండలు కడుతుంది. చల్లటి నీళ్ళలోనో, పలుచటి మజ్జిగలోనో సీసాలో పోసి గిలక్కొట్టండి. తియ్యటి ఫ్లేవర్ మజ్జిగలో నప్పదు, రుచి లేనిది కొనుక్కోండి. వాసన కొంచెం వస్తుంది. రానివ్వండి.