పొన్నగంటిలో పోయిన కన్ను ఉందా?

సందేహం: అయ్యా, మాది తిరుపతి. పొన్నగంటి కూర అసలు పేరు ‘పోయిన కంటి కూర’ అని, పోయిన చూపును తెస్తుంది కాబట్టే ఆ పేరు వచ్చిందని మా అవ్వ అంటుంది. ఆమెకు శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ మాట ఎత్తితే, ఒక మండలం ఈ ఆకు తింటే చాలు, గుణం పేరులోనే ఉంది కదా అంటోంది. ఈమధ్య ఒక ఆరోగ్య వ్యాసంలోనూ ఇలా చదివాను: ‘పొన్నగంటి కూర విటమిన్ ఎ ను అధికంగా కలిగి ఉండి, కోల్పోయిన చూపును తిరిగి పొందడంలో సహాయపడుతుంది.’ ఏ పేరు సరైనది? పనిలో పనిగా, కరివేపాకు అనాలా, కరేపాకు అనాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మా, ముందు మాట సంగతి తేల్చుకుందాం. అవ్వ కళ్ళ సంగతి అందులోంచే వస్తుంది.

రాయవలసింది ‘పొన్నగంటి’. మీ వైపు వినిపించే ‘పొన్నగంటాకు’ కూడా తప్పు కాదు. ‘పోయిన కంటి కూర’ మాత్రం అసలు రూపం కాదు, పేరు విన్నాక జనం అల్లుకున్న కథ. దీన్ని జననిరుక్తి అంటారు. అర్థం మరుగునపడ్డ మాట నోట్లో మిగిలితే జనం ఊరుకోరు, చేతికందిన అర్థమేదో దానికి తొడుగుతారు.

ఈ పేరును విడదీస్తే పొన్న, కంటి అని రెండు ముక్కలు వస్తాయి. వాలు, కంటి కలిసి వాలుగంటి అయినట్టే ఇక్కడా కకారం గకారమైంది. అందులో పేచీ లేదు. చిక్కంతా ‘పొన్న’ దగ్గరే. ‘పోయిన’ అన్న మాట నోట్లో నలిగితే ‘పోయ్న’ అవుతుంది, ఇంకా నలిగితే ‘పోన’ అవుతుంది. ఈ రెండింటిలోనూ ఓకారం దీర్ఘంగానే ఉంది. అది కురచబడి, పక్కన నకారానికి ఒత్తు తగిలి ‘పొన్న’ కావడానికి దారి నాకు కనబడలేదు.

ఇంతకంటే గట్టి సాక్ష్యం మీకు బస్సెక్కితే దొరుకుతుంది. పుత్తూరు, నగరి మీదుగా తిరుత్తణి వెళ్ళి కూరగాయల అంగట్లో ఇదే ఆకు చూపించి పేరడగండి, పొన్నాంగణ్ణి అంటారు. పలమనేరు దాటి ముళబాగిలులో అడగండి, హొనగొన్నె అంటారు. మన పకారం కన్నడంలో హకారం కావడం మీ జిల్లావాళ్ళకు కొత్త విషయమేమీ కాదు: పులి హులి, పాలు హాలు. తమిళంలో పొన్ అంటే బంగారం, కన్నడంలో హొన్ను అంటే బంగారం. ఆకు పేరులో నిజంగా ‘పోయిన’ ఉండి ఉంటే, కన్నడంలో ఆ పేరు ‘హోద’తో మొదలుకావాలి, ఎందుకంటే పోయిన అనడానికి వాళ్ళ మాట అది. ఒకే ఆకుకు ఇరుగుపొరుగు రెండు భాషల్లోనూ పేరు మొదట బంగారం కనబడుతుంటే, మన పేరుకు మాత్రం వేరే పుట్టుక కల్పించలేం.

తెలుగులో పొన్ను అంటే బంగారమని ఇప్పుడెవరూ అనరు. కానీ జాడ చెరగలేదు. రోకలి చివర వేసే ఇనుప కట్టును ఏమంటారో మీ అవ్వనే అడగండి. ‘పొన్ను’ అంటుంది. తమిళంలో కూడా పొన్ అన్న మాటకు బంగారంతో పాటు లోహం, ఇనుము, అందం అన్న అర్థాలున్నాయి. కొందరు ఇందులో పొన్నచెట్టును చూస్తారు. అది కుదరదు. ఆ చెట్టు తమిళంలో పున్నై, ఉకారంతో. ఆకు పేరులో ఉన్నది ఒకారం.

ఇక కన్ను ఎక్కడిది? ఒక కట్ట విప్పి, కొంచెం ముదిరిన కాడ తీసి చూడండి. కణుపు కణుపుకూ ఎదురెదురుగా రెండేసి ఆకులుంటాయి. ఆ ఆకుల మొదట్లో, తొడిమ లేకుండా కాడకే అతుక్కుని, జొన్నగింజంత తెల్లటి పూలగుత్తులు కనిపిస్తాయి. సంస్కృత వైద్య గ్రంథాల్లో ఈ మొక్క పేరు మత్స్యాక్షి, అంటే చేపకన్ను వంటిది. ఆ గుండ్రటి తెల్లటి గుత్తిని చూసినవాళ్ళకు చేపకన్ను గుర్తుకు రావడంలో వింతేమీ లేదు. తమిళంలో ‘కణ్ణి’ అన్నా ‘కన్నులు గలది’ అనే. మదురై మీనాక్షిని వాళ్ళు అంగయర్కణ్ణి అంటారు కదా. తమిళ కణ్ణికి పూలదండ అన్న అర్థం కూడా ఉంది గాని, సంస్కృతంలో అక్షి, తెలుగులో కంటి కనబడుతున్నాయి కాబట్టి నేను కన్ను వైపే మొగ్గుతాను. అంటే పొన్నగంటి అందమైన కన్నులున్న ఆకు. ఆ కన్ను ఆకుది, మనది కాదు.

మందు గుణాన్ని బట్టి పేరు పెట్టదలచుకుంటే పెద్దలు దాపరికం లేకుండానే పెట్టారు. కంద దుంపకు సంస్కృతంలో అర్శోఘ్నం అని పేరు, మొలలను హరించేది అని అర్థం. మత్స్యాక్షి అలాంటి పేరు కాదు.

తమిళులూ కథ అల్లకుండా ఉండలేదు లెండి. పొన్నాంగణ్ణిని ‘పొన్ ఆం కాణ్ నీ’ అని విరిచి, తింటే ఒళ్ళు బంగారమవుతుంది చూడు అని చెప్పుకుంటారు. అదే ఆకు, అదే పేరు. నగరికి అటువైపు ఒంటికి మేలు చేస్తోంది, ఇటువైపు కంటికి.

అలాగని అవ్వ మాటను కొట్టిపారేయలేను. పొన్నగంటిలో బీటా కెరోటిన్ బాగానే ఉంటుంది. ఒంట్లోకి వెళ్ళాక అది విటమిన్ ఎ గా మారుతుంది. మసక వెలుతురులో చూడటానికి కంటి వెనక పొరకు ఆ విటమిన్ తప్పనిసరి. అది చాలకపోతే రేచీకటి వస్తుంది. పొద్దుగూకితే గడప కనబడక గోడ పట్టుకుని నడిచే మనిషికి, కొన్నాళ్ళు ఆకుకూరలు పెట్టాక ఆ తడుములాట తగ్గి ఉంటుంది. చూసినవాళ్ళు పోయిన కన్ను వచ్చిందనే అనుకుని ఉంటారు. ఈ లోపంతో పిల్లల చూపు దెబ్బతినకుండా ఇప్పుడు 9వ నెలలో తట్టు టీకాతో మొదలుపెట్టి, 5 ఏళ్ళు నిండేలోగా 9 మోతాదుల విటమిన్ ఎ ద్రావణం తాగిస్తున్నారు. అవ్వ కాలంలో అది లేదు, చెరువుగట్టు మీద పొన్నగంటి ఉంది.

శుక్లం ఈ కోవలోది కాదు. అక్కడ మసకబారేది కంటిలోని కటకం. దాన్ని ఏ ఆకూ తేటపరచలేదు, తీసేసి కొత్త కటకం అమర్చాల్సిందే. కాబట్టి ఆకూ మానవద్దు, ఆపరేషనూ మానవద్దు. కందిపప్పుతో వండి, తెల్లగడ్డ చిదిమి తాళింపు పెట్టేటప్పుడు నూనెకు మరీ లోభించకండి. బీటా కెరోటిన్ కొవ్వు తోడుంటేనే ఒంటికి బాగా పడుతుంది. అవ్వతో మాత్రం వ్యుత్పత్తి గురించి వాదించకండి. ఆ కథ చెబితేనే కదా మీరు చిన్నప్పుడు ఆ కూర తిన్నది.

మీరు పంపిన వాక్యం నన్ను ఎక్కువ బాధపెట్టింది. కూరలో విటమిన్ ఉంటుంది గాని, కూర విటమిన్‌ను ‘కలిగి ఉండటం’ ఏమిటి? చెరువులో నీళ్ళున్నాయి అంటాం, చెరువు నీళ్ళను కలిగి ఉంది అనం. ‘పొందడంలో సహాయపడుతుంది’ అన్నదీ అరువు నడకే. పైగా విషయమూ తప్పు, ఎందుకంటే ఆకులో ఉండేది విటమిన్ ఎ కాదు, దానికి ముడిసరుకు. నేనైతే ఇలా రాస్తాను: ‘పొన్నగంటి కూరలో బీటా కెరోటిన్ ఎక్కువ. ఒంట్లో అది విటమిన్ ఎ గా మారి రేచీకటి రాకుండా కాపాడుతుంది.’

కరివేపాకు సంగతి క్లుప్తంగా. తమిళుల వర్ణక్రమాన్ని బట్టి దాని మొదటి ముక్క కూరకు సంబంధించిన ‘కఱి’, కన్నడిగుల కరిబేవులో అది నలుపు. తెలుగులోనూ కరి అంటే నలుపే కాబట్టి నల్లవేప అన్న అర్థం నాకు నచ్చుతుంది. ఆకు పోలికే తప్ప వేపతో దానికి చుట్టరికం లేదు, అది నిమ్మ కుటుంబంలోది. రాతలో కరివేపాకు అనే రాయండి. కరేపాకు అందరి నోటా వినిపించేదే. కథలో ఒక పాత్ర చేత పలికిస్తే అలాగే రాయాలి కూడా.